"అలారం వెంట్ ఆఫ్" అంటే ఆగిపోయిందనా? ఒక స్టూడెంట్‌తో పది వారాల ఫ్రేజల్ వెర్బ్స్ కేసు

నేను ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి ఇంగ్లీష్ చెప్తాను, ఒక్కొక్కరికీ విడిగా, ఆన్‌లైన్‌లో. ఫ్రేజల్ వెర్బ్ అంటే వెర్బ్ వెనక ఆఫ్, అప్, ఇన్‌టు లాంటి చిన్న మాట చేరి అర్థమే మారిపోయేది, గో ఆఫ్, లుక్ ఇన్‌టు లాంటివి. ఈ కేసు రాస్తానంటే ఆవిడ సరేనన్నారు, కాకపోతే పేరు, కంపెనీ రాయొద్దన్నారు, అందుకని మొత్తం 'ఈవిడ' అనే రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవి కూడా రాస్తాను, ఎందుకంటే నాలాగే చెప్పేవాళ్ళు చాలామంది అదే తప్పు చేస్తారని నా అనుమానం.

ఈవిడది సర్వర్ సపోర్ట్ పని. ఒకరోజు పొద్దున రాత్రి షిఫ్ట్ వాళ్ళ దగ్గర్నుంచి ఒక్క లైను నోట్ వచ్చింది: "డిస్క్ అలారం వెంట్ ఆఫ్ అట్ త్రీ, ప్లీజ్ లుక్ ఇన్‌టు ఇట్." ఈవిడ చదువుకుని, ఓహో అలారం మూడింటికి ఆగిపోయిందన్నమాట, ప్రాబ్లం దానంతటదే సర్దుకుంది, ఎందుకైనా మంచిదని ఒకసారి లోపలికి చూడమంటున్నారు అనుకుని, డాష్‌బోర్డ్ తెరిచి నిజంగానే ఒకసారి చూసి, టికెట్ (ఆ ప్రాబ్లం పేరున తెరిచిన రికార్డు) క్లోజ్ చేసేశారు. మధ్యాహ్నానికి డిస్క్ నిండిపోయింది. అలారం మూడింటికి ఆగలేదు, మూడింటికి మోగింది. "లుక్ ఇన్‌టు" అంటే తొంగిచూడమని కాదు, సంగతేంటో తేల్చమని. ఒకే లైనులో రెండు చోట్ల అర్థం తప్పింది, రెండోది మొదటిదాన్ని సపోర్ట్ చేసింది కూడా, అందుకే ఈవిడకి ఎక్కడా అనుమానం రాలేదు.

నాతో మొదటి కాల్‌లో ఇదంతా చెప్పి "నాకు బేసిక్ ఇంగ్లీషే రాదు మేడం, మొదట్నుంచి నేర్పండి" అన్నారు. నేను ఈవిడ పాత ఈమెయిల్స్ ఒక నాలుగు పంపమన్నాను. చూస్తే చాలా నీట్‌గా ఉన్నాయి. ఇన్వెస్టిగేట్, పోస్ట్‌పోన్, టాలరేట్, టెర్మినేట్, ఎలిమినేట్, అన్నీ కరెక్ట్‌గా వాడారు, స్పెల్లింగ్ తప్పులు కూడా లేవు. ఈ ఇంగ్లీష్ రాసే మనిషికి "లుక్ ఇన్‌టు" తెలీకపోవడమేంటి అని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ నిజానికి ఈ రెండూ కలిసే ఉంటాయి. బడిలో మనకి నేర్పేది లాటిన్, ఫ్రెంచ్ నుంచి వచ్చిన పెద్ద మాటల ఇంగ్లీషు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక చాలా కాలం పాటు కోర్టు, ఆఫీసు, చదువు అంతా ఫ్రెంచ్, లాటిన్‌లలోనే నడిచింది, ఇంట్లో, పొలంలో మాట్లాడుకునే పాత ఇంగ్లీషు కింద ఉండిపోయింది. పోస్ట్‌పోన్ పై అంతస్తులో ఉంటే పుట్ ఆఫ్ కింది అంతస్తులో ఉంది. మనం పై అంతస్తులో పుట్టి పెరిగి, ఉద్యోగంలో చేరాక ఒక్కసారిగా కింది అంతస్తులోకి దిగుతాం.

సరే, అనుమానం తీర్చుకుందామని ఒక చిన్న టెస్ట్ పెట్టాను. నలభై వాక్యాలు, ప్రతిదీ రెండు రకాలుగా, ఒకసారి పెద్ద మాటతో, ఒకసారి ఫ్రేజల్ వెర్బ్‌తో, కలిపేసి వరస మార్చి ఇచ్చాను, అర్థం తెలుగులో చెప్పమన్నాను. పెద్ద మాటల సెట్‌లో ముప్పైఎనిమిది కరెక్ట్. రెండో సెట్‌లో పద్నాలుగు. రీడింగ్ సంగతి ఇది, వినిపించి అడిగితే ఇంకా తగ్గింది.

తప్పుల్ని ఒకచోట పెట్టి చూస్తే ఊరికే గుడ్డిగా తప్పు చెప్పినట్టు లేదు, ఒక పద్ధతి ప్రకారం తప్పారు. "ఆఫ్" ఉన్న ప్రతిచోటా ఆగిపోవడం, ఆపెయ్యడం అని రాశారు. "షి వాజ్ పుట్ ఆఫ్ బై హిజ్ టోన్" అంటే అతని మాటతీరు వల్ల ఆమెని ఆపేశారట (అసలు అర్థం, ఆ మాటతీరుకి ఆమె మనసు విరిగింది). "ద ప్రోడక్ట్ నెవర్ టుక్ ఆఫ్" అంటే ప్రోడక్ట్‌ని ఎప్పుడూ తీసెయ్యలేదట (అసలు అర్థం, అది ఎప్పుడూ ఊపందుకోలేదు). "ద డెమో వెంట్ ఆఫ్ వెల్" అంటే డెమో బాగా ఆగిపోయింది (ఇది రాస్తూ తనే నవ్వుకున్నారట, కానీ ఇంకేం తట్టక అలాగే వదిలేశారు).

ఇక్కడ నాకు అర్థమైంది ఏంటంటే ఈవిడకి "ఆఫ్" తెలీకపోవడం కాదు ప్రాబ్లం, బాగా తెలియడమే. ఆఫ్ అనేది తెలుగులోకి ఎప్పుడో వచ్చేసింది. ఫ్యాన్ ఆఫ్ చెయ్, ఫోన్ ఆఫ్‌లో ఉంది, ఇలా రోజుకి ఎన్నిసార్లు అంటామో. అందులో దానికి ఒకే ఒక్క అర్థం, బంద్. ఇంగ్లీష్‌లో ఆ చిన్న మాట మోసే అర్థాల్లో ఒక్కటి మాత్రమే మన దగ్గరకొచ్చి, మిగతావాటికి దారి మూసేసింది. అవుట్ కూడా అంతే, మనకి అవుట్ అంటే ఆటలో అవుట్, లేదా పేపర్ లీకవ్వడం, అంతకుమించి లేదు. బిల్డప్ అయితే మరీ, తెలుగులో బిల్డప్ ఇవ్వడం అంటే లేని గొప్పలు పోవడం, ఇంగ్లీష్‌లో "బిల్డప్ ఆఫ్ లాగ్స్" అంటే పేరుకుపోవడం. పికప్, మేకప్, బ్రేకప్, ప్యాకప్, సెటప్, కటాఫ్, టర్నోవర్, ఇవన్నీ మనం తెలుగు మాటల్లాగే వాడేస్తున్నాం, ఒక్కొక్కటీ ఒక్కో అర్థానికి ఫిక్స్ అయిపోయింది. తెలీని మాట వింటే మనిషి ఆగుతాడు, అడుగుతాడు. తెలుసనుకున్న మాట దగ్గర ఎవరూ ఆగరు. నాకు ఈ కేసులో దొరికిన అసలు విషయం ఇదే.

ఇంకోటి కూడా కనిపించింది. ఈవిడ మాట్లాడేటప్పుడు ఫ్రేజల్ వెర్బ్ ఒక్కటి కూడా వాడరు. అర్ధగంట మాట్లాడితే "వేకప్" తప్ప ఇంకోటి వినపడలేదు. ఇది ఈవిడ ఒక్కరి అలవాటు కాదు, 1985లో డాగుట్, లాఫర్ అనే ఇద్దరు పరిశోధకులు, హీబ్రూ మాతృభాషగా ఉన్న స్టూడెంట్స్ మీద చేసిన స్టడీలో ఇదే చెప్పారు, ఫ్రేజల్ వెర్బ్ వాడాల్సిన చోట వాళ్ళు తప్పించుకుని ఒంటి మాట వాడుతున్నారని. వాడకపోతే తప్పు రాదు కదా, అందుకని ఎవరూ కరెక్ట్ చెయ్యరు, అలా ఏళ్ళు గడిచిపోతాయి.

ఇప్పుడు నా మొదటి తప్పు. అందరిలాగే నేనూ బొమ్మలతో మొదలుపెట్టాను. అప్ అంటే పైకి బాణం, డౌన్ అంటే కిందికి, ఆఫ్ అంటే ఒకదాన్నుంచి ఊడి దూరంగా పోవడం. లైట్లు, చొక్కాలు, విమానాలు వరకూ బాగానే నడిచింది. తర్వాత ఈవిడ అడిగారు, "మేడం, ఫారం ఫిల్ ఇన్ చెయ్యమన్నా ఫిల్ అవుట్ చెయ్యమన్నా ఒకటే అంటున్నారు, స్లో అప్ అన్నా స్లో డౌన్ అన్నా ఒకటే అంటున్నారు, మరి బాణం ఎటు పెట్టుకోవాలి?" నిజమే, బర్న్ అప్, బర్న్ డౌన్ రెండూ కాలిపోవడమే. నా దగ్గర జవాబు లేదు, ఏదో సర్దిచెప్పాను, ఆవిడ మర్యాదకి తలూపారు. ఆ వారం అంతా వేస్ట్.

రెండో వారం చివర్లో అనుకోకుండా దారి దొరికింది. ఈవిడ చిరాకు పడి "ఒక మాటకి ఇన్ని అర్థాలు ఉంటే ఎవరైనా ఎలా మాట్లాడతారు మేడం, మన భాషలో ఇంత గందరగోళం ఉండదు" అన్నారు. నేను సరే అయితే, 'పట్టు' అంటే ఏంటో నాకు ఇంగ్లీష్‌లో చెప్పండి, నేను తెలుగు రాని మనిషిని అనుకోండి అన్నాను.

"పట్టుకోవడం. హోల్డ్."

మరి నిద్ర పట్టింది అంటే?

"అది వేరు."

టైం పట్టింది? చెమట పట్టింది? తుప్పు పట్టింది? పిచ్చి పట్టింది? దారి పట్టాడు? సంచిలో ఇవన్నీ పట్టవు? నేను చెప్పినా పట్టించుకోలేదు?

ఈవిడ మొదట నవ్వారు, తర్వాత పేపర్ తీసుకుని రాయడం మొదలుపెట్టారు, ఇరవై దాకా వచ్చాక ఆపేశారు. "ఇవన్నీ నేనెప్పుడు నేర్చుకున్నాను?" అన్నారు. అదే కదా. ఎవరూ లిస్ట్ ఇచ్చి బట్టీ పెట్టించలేదు, నిద్రతో పాటు పట్టడం విన్నాం, తుప్పుతో పాటు పట్టడం విన్నాం, పక్కనున్న మాటే అర్థాన్ని తేల్చేస్తుంది. ఇంగ్లీష్‌లోనూ చిన్న మాటలే ఎక్కువ బరువు మోస్తాయి, ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1989 ఎడిషన్‌లో 'సెట్' అనే ఒక్క వెర్బ్‌కే 430కి పైగా అర్థాలున్నాయి.

అక్కణ్ణుంచి రెండో అడుగు వేశాం. తెలుగులో మనకి కూడా తోక వెర్బ్స్ ఉన్నాయి, గమనించం అంతే. రాయి, రాసెయ్, రాసుకో, రాసిపెట్టు, రాసిపారెయ్. మొదటి ముక్క ఒకటే, పని ఒకటే, కానీ రాసెయ్ అంటే ముగించు, రాసుకో అంటే నీ కోసం, రాసిపెట్టు అంటే ఇంకొకరి కోసమో తర్వాతకి ఉంచడానికో, రాసిపారెయ్ అంటే చకచకా ఎక్కువ ఆలోచించకుండా. 'ఎయ్' అంటే నిజంగా వెయ్యడం కాదు, 'పెట్టు' అంటే నిజంగా ఎక్కడో పెట్టడం కాదు, సొంత అర్థం పోయి ఒక రంగు మాత్రం మిగిలింది. ఇంగ్లీష్ వాళ్ళు ఈ పని అప్, ఆఫ్, అవుట్‌లతో చేయిస్తారు. ఈట్ అప్ తినెయ్, డ్రింక్ అప్ తాగెయ్, యూజ్ అప్ వాడెయ్, టేర్ అప్ చించెయ్. ఈ 'అప్'లో పైకి వెళ్ళేదేమీ లేదు, మిగలకుండా అయిపోవడమే ఉంది. ఈవిడ మొహం వెలిగిపోయింది. నాకు కూడా భలే సంతోషమేసింది, క్లాసయ్యాక తెలుగు తోక పక్కన ఇంగ్లీష్ చిన్న మాట రాస్తూ టేబుల్ గీయమని చెప్పాను.

అదే నా రెండో తప్పు. నాలుగో వారంలో ఆఫీస్‌లో ఒక సంగతి మేనేజర్‌కి ముందే చెప్పేశానని చెప్పాలి ఈవిడకి. చెప్పు ప్లస్ ఎయ్. టేబుల్‌లో ఎయ్ పక్కన అప్, ఆఫ్ రెండూ రాసుకున్నారు, ఫినిష్ ఆఫ్ అని నేనే చెప్పాను పాపం. దాంతో మీటింగ్‌లో నలుగురి ముందు "ఐ టోల్డ్ హిమ్ ఆఫ్ ఎస్టర్‌డే" అన్నారు. టెల్ ఆఫ్ అంటే చివాట్లు పెట్టడం. మేనేజర్ని చివాట్లు పెట్టానని మేనేజర్ పక్కనుండగా చెప్పారు. ఆయన నవ్వేసి వదిలేశారు కాబట్టి సరిపోయింది. ఈవిడ మాత్రం మళ్ళీ వారం రోజులు నోరు విప్పలేదు. ఇంకోసారి "సెండ్ అప్" అని రాయబోయి నన్ను అడిగారు, అదృష్టం, ఎందుకంటే బ్రిటిష్ వాడుకలో సెండ్ అప్ అంటే ఒకర్ని అనుకరించి ఎగతాళి చెయ్యడం.

అప్పుడు నేను మార్చుకున్నది ఇది. తెలుగు పోలిక అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, తయారు చెయ్యడానికి పనికిరాదు. విన్నప్పుడు 'ఓ, ఇది మన ఎయ్ లాంటిది' అనుకోవడం వరకే. మాట్లాడేటప్పుడు మాత్రం ఎక్కడైనా అచ్చంగా విన్న ముక్కనే వాడాలి, కొత్తగా అతికించకూడదు. తెలుగు నేర్చుకునేవాళ్ళు ఎవరైనా "నాకు నిద్ర పోయింది" అంటే మనకెలా ఉంటుందో ఇదీ అంతే, నిద్ర పట్టడం ఉంది, నిద్రపోవడం ఉంది, రెండూ కలిపి కొత్తది చేస్తే పని చెయ్యదు.

గో ఆఫ్‌కి ఒక పేజీ కేటాయించాం. ఈ ఒక్క పేజీ మీద దాదాపు రెండు సెషన్లు గడిచాయి, వేస్ట్ అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. అలారం గోస్ ఆఫ్, మోగుతుంది. బాంబు గోస్ ఆఫ్, పేలుతుంది. లైట్లు గో ఆఫ్, పోతాయి. పాలు గో ఆఫ్, పాడవుతాయి, ఇది బ్రిటిష్ వాళ్ళ మాట. అతను వెంట్ ఆఫ్, వెళ్ళిపోయాడు. ఫంక్షన్ వెంట్ ఆఫ్ వెల్, సాఫీగా జరిగిపోయింది. ఐ హావ్ గాన్ ఆఫ్ దట్ సింగర్, ఇదివరకు ఇష్టం, ఇప్పుడు మనసు విరిగింది. ఏడు లైన్లు. నేనేమన్నానంటే, ఏదో ఒక స్థితిలో కుదురుగా ఉన్నది దాన్నుంచి జారిపోవడం అనుకోండి, అలారం నిశ్శబ్దంగా కూర్చుని ఉంది, అందులోంచి బయటపడింది, లైటు వెలుగుతూ ఉంది, అందులోంచి బయటపడింది. అందుకే ఒకటి మొదలవడం, ఇంకోటి ఆగిపోవడం అయింది, ఏ స్థితిలోంచి అన్నదాన్ని బట్టి. ఈవిడ కాసేపు ఆలోచించి, "కరెంట్ పోయింది అంటాం, పవర్ వెంట్ ఆఫ్, అచ్చు అలాగే ఉంది, కానీ అలారం పోయింది అంటే పాడైపోయిందని" అన్నారు. కరెక్ట్‌గా పట్టుకున్నారు, మన 'పో' ఇలాంటి చోట్ల లేకుండా అవ్వడం వైపే వెళ్తుంది, వాళ్ళ 'ఆఫ్' రెండు వైపులకీ వెళ్తుంది. ఆ ఒక్క తేడాలోనే ఆ రోజు టికెట్ మూసుకుపోయింది.

ఏవి నేర్పాలి అనేదానికి వస్తే, ఇంటర్నెట్‌లో దొరికే 'వెయ్యి ఫ్రేజల్ వెర్బ్స్' పీడీఎఫ్‌లు నేను వాడను. 2007లో గార్డ్‌నర్, డేవిస్ అనే పరిశోధకులు బ్రిటిష్ నేషనల్ కార్పస్ (జనం నిజంగా రాసిన, మాట్లాడిన ఇంగ్లీషుని పోగేసిన పెద్ద సేకరణ) మీద లెక్కేసి చూస్తే కేవలం ఇరవై వెర్బ్స్, ఎనిమిది చిన్న మాటల కాంబినేషన్లే మొత్తం వాడకంలో సగానికి పైగా ఉన్నాయి. గో, కమ్, టేక్, గెట్, సెట్, పుట్ లాంటివే. 2015లో గార్నియర్, ష్మిట్ ఎక్కువగా వాడే 150 తీసుకుని, ఒక్కోదానికి నిజంగా జనం వాడే అర్థాలేవో ఏరితే మొత్తం 288 తేలాయి, అంటే సగటున రెండు. డిక్షనరీలో పది అర్థాలు కనిపించినా రోజూ చెవిన పడేవి రెండే అని తెలిస్తే సగం భయం పోతుంది. ఈవిడకి ఆ 150 కూడా ఇవ్వలేదు. వాళ్ళ టీమ్ చాట్‌లో మూడు నెలల మెసేజ్‌లు ఈవిడే స్క్రోల్ చేసి, అర్థం డౌటుగా ఉన్నవి ఏరుకొచ్చారు (కంపెనీ వివరాలేవీ లేకుండా, ఉత్త ముక్కలు మాత్రమే). యాభైమూడు వచ్చాయి. మా సిలబస్ అదే.

అందులో ఒకటి బాగా ఇబ్బంది పెట్టింది. "కుడ్ యూ లుక్ ఓవర్ దిస్ బిఫోర్ ఐ సెండ్ ఇట్?" లుక్ ఓవర్ అంటే ఒకసారి పరిశీలించడం. అవే రెండు ముక్కలు తిరగేసి ఓవర్‌లుక్ అంటే చూడకుండా వదిలెయ్యడం. ఈవిడ రెండూ ఒకటే అనుకుని "చూడక్కర్లేదన్నమాట" అని వదిలేశారట రెండుమూడు సార్లు. వెర్బ్‌కి ముందు అతుక్కుంటే పాతకాలపు పద్ధతి, పాత ఇంగ్లీష్‌లో ఇలా ముందు తగిలించడమే ఎక్కువ, అండర్‌స్టాండ్, విత్‌స్టాండ్ అప్పటివే, తర్వాత తర్వాత ఈ చిన్న మాటలు వెర్బ్ వెనక్కి చేరాయి. సెట్ అప్ వేరు, అప్‌సెట్ వేరు. టేక్ ఓవర్ వేరు, ఓవర్‌టేక్ వేరు. ఇందులో రూల్ వెతకొద్దు, తలా తోకా మారితే మనిషే మారిపోయాడనుకోండి అని చెప్పాను.

'ఇట్' ఎక్కడ పెట్టాలి అనేది చాలామంది గ్రామర్ క్లాసులా చెప్తారు, నేను చెవితో చెప్తాను. టర్న్ ఇట్ ఆఫ్ అనాలి, టర్న్ ఆఫ్ ఇట్ అనకూడదు. కానీ లుక్ ఇన్‌టు ఇట్ అనాలి, లుక్ ఇట్ ఇన్‌టు అనకూడదు. తేడా ఎలా తెలుస్తుందంటే బరువు ఎక్కడ పడుతుందో వినాలి. టర్న్ ఆఫ్‌లో ఆఫ్ గట్టిగా పలుకుతారు, లుక్ ఇన్‌టులో లుక్ గట్టిగా పలికి ఇన్‌టుని మింగేస్తారు. గట్టిగా పలికే చిన్న మాటకి దమ్ముంది, 'ఇట్'ని లోపలికి రానిచ్చి తను చివర నిలబడుతుంది. ఈవిడతో రెండు వాక్యాలు చదివించాను: "షి టర్న్డ్ ఇన్ హర్ రిపోర్ట్", "షి టర్న్డ్ ఇన్ హర్ చెయిర్." మొదటిది రిపోర్ట్ ఇచ్చేసింది, రెండోది కుర్చీలో అటు తిరిగింది. మొదటిదాన్ని టర్న్డ్ ఇట్ ఇన్ అనొచ్చు, రెండోదాన్ని అలా అంటే కుర్చీని ఆఫీస్‌లో అప్పజెప్పినట్టవుతుంది. వినిపించే టెస్ట్‌లో ఈవిడకి మార్కులు తగ్గడానికి కారణం కూడా ఈ బరువే అని తేలింది, ఈవిడ అన్ని ముక్కల్నీ సమానంగా పలుకుతారు కాబట్టి సమానంగా వినపడాలని ఎదురు చూస్తున్నారు. మేకప్ నామవాచకమైతే మేక్ మీద బరువు, మేక్ అప్ అని పని చేస్తే అప్ మీద బరువు. ఆ తర్వాత రోజూ పది నిమిషాలు వట్టి బరువు వినడమే, అర్థం అడక్కుండా, ఏ ముక్క గట్టిగా వచ్చిందో వేలితో టేబుల్ మీద కొట్టడం. చిన్నపిల్లల ఆటలా ఉందన్నారు కానీ అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది అదే.

రోజువారీ మాటల విషయం త్వరగా అయిపోయింది. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే "ఐయామ్ గుడ్" అంటే వద్దని. "టెల్ మీ అబౌట్ ఇట్" అంటే చెప్పమని కాదు, 'నాకు తెలీదా ఏంటి' అని ఏకీభవించడం, ఈవిడ నిజంగానే అంతా వివరించి చెప్పిన సందర్భం ఒకటుంది, అవతలివాళ్ళు పాపం ఓపిగ్గా విన్నారట. "ఐ కుడ్ యూజ్ సమ్ హెల్ప్" అంటే కొంచెం సాయం కావాలి. "ఐయామ్ అప్ ఫర్ ఇట్" అన్నా "ఐయామ్ డౌన్ ఫర్ ఇట్" అన్నా నేను రెడీ అనే, మళ్ళీ బాణాల గొడవ మొదలవుతుందేమో అని భయపడ్డాను, ఈవిడ "పట్టు లాంటిదే కదా మేడం" అని ముందుకెళ్ళిపోయారు.

తెలీకపోవడం ఎప్పుడూ మన తప్పే కాదని కూడా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే టెల్ ఆఫ్ సంఘటన తర్వాత ఈవిడ ప్రతిదానికీ తననే తిట్టుకుంటున్నారు. 1755లో తన డిక్షనరీ ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్ ఒప్పుకున్నాడు, వెర్బ్ వెనక చిన్న మాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతే పరాయివాళ్ళకి అన్నిటికన్నా కష్టమని. వాళ్ళలో వాళ్ళకే కుదరదు ఒక్కోసారి. "లెట్స్ టేబుల్ ఇట్" అంటే బ్రిటన్‌లో చర్చకి పెడదాం, అమెరికాలో పక్కన పెడదాం. రెండో ప్రపంచ యుద్ధం టైంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులు చాలాసేపు వాదించుకుని, చివరికి ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని తేలిందని చర్చిల్ రాశాడు. బుధవారం మీటింగ్ రెండు రోజులు "మూవ్డ్ ఫార్వర్డ్" అని ఇంగ్లీష్ వాళ్ళనే అడిగితే దాదాపు సగం మంది సోమవారం అంటారు, సగం మంది శుక్రవారం అంటారు, సైకాలజీ వాళ్ళు దీని మీద ప్రయోగాలే చేశారు. కాబట్టి "సో, ఫ్రైడే?" అని తిరిగి అడగడం తెలివితక్కువ కాదు. అడగడానికి ఒక వాక్యం ఇచ్చాను: "జస్ట్ టు బి ష్యూర్, యూ మీన్..." అని మొదలుపెట్టి పెద్ద మాటతో ముగించడం. పుట్ ఆఫ్ అన్నారంటే, యూ మీన్ పోస్ట్‌పోన్, నాట్ క్యాన్సిల్? ఈవిడకి పెద్ద మాటలు కొట్టినపిండి కదా, ఆ బలాన్నే వాడుకున్నాం.

పదో వారంలో అదే నలభై వాక్యాలు మళ్ళీ ఇవ్వలేదు, గుర్తుండిపోతాయి కదా, కొత్తవి ఇచ్చాను. ముప్పైఒకటి వచ్చాయి. వినడంలో ఇరవైఏడు. తప్పిన తొమ్మిదింట్లో ఐదు మూడు ముక్కలవి, పుట్ అప్ విత్, గెట్ అవే విత్, కమ్ డౌన్ విత్ లాంటివి, వాటికి నా దగ్గర ఇప్పటికీ మంచి పద్ధతి లేదు, ఒక్కొక్కటీ కథతో పాటు గుర్తుపెట్టుకోమనడమే. మాట్లాడటం విషయంలో అయితే నేను అనుకున్నంత మార్పు లేదు, నిజం చెప్పాలంటే. ఫైండ్ అవుట్, సెట్ అప్, రన్ అవుట్ ఆఫ్, ఇలా ఓ పది పన్నెండు ధైర్యంగా వాడుతున్నారు, మిగతా చోట్ల మళ్ళీ ఇన్వెస్టిగేట్, టెర్మినేట్. నేను బలవంతం చెయ్యలేదు. ఒక మనిషి ఇన్వెస్టిగేట్ అంటే ఎవరికీ నష్టం లేదు, లుక్ ఇన్‌టుని తొంగిచూడటం అనుకుంటేనే నష్టం.

సెషన్లు అయిపోయాక ఒక నెలకి వాయిస్ మెసేజ్ పెట్టారు. టీమ్‌లో ఒకతను ఇంకొకావిడ గురించి "షి టోటల్లీ వెంట్ ఆఫ్ ఆన్ మీ" అన్నాడట. "వెళ్ళిపోయిందని అనుకోలేదు మేడం, ఆఫ్ అయిందనీ అనుకోలేదు, పేలినట్టు తిట్టి ఉంటుంది అనుకుని అడిగాను, అదే. మీ పేజీలో ఇది లేదు." లేదు, నిజమే, అమెరికన్ వాడుక, నేను వదిలేశాను. ఆ పేజీ తీసి ఎనిమిదో లైను రాశాను.